వార్‌స్పైట్, కోంగో: 1942 ఏప్రిల్‌లో జరగని సమరం

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ మొదటి వారంలో, శ్రీలంక చుట్టూ ఉన్న సముద్రంలో బ్రిటన్‌కు ఐదు బ్యాటిల్‌షిప్పులు, జపాన్‌కు నాలుగు ఉన్నాయి. రెండు దళాలూ ఒకదాని కోసం మరొకటి గాలించాయి. ఎదురుపడలేదు, ఒక్క పెద్ద ఫిరంగీ పేలలేదు. అదే దండయాత్రలో వచ్చిన ఇంకో జపాన్ దళం మాత్రం బంగాళాఖాతంలోకి చొరబడింది. దాని విమానాలు ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నం రేవుల మీద బాంబులు వేశాయి. నాడు పడిన బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ తొమ్మిది బ్యాటిల్‌షిప్పులూ తారసపడి ఉంటే ఎవరిది పైచేయి అయ్యేదన్నది నౌకా చరిత్ర చదివేవాళ్లు ఇంకా వాదించుకునే ప్రశ్న. ఊహా సమరాల్లో తెలుగు తీరానికి ఇంత దగ్గరగా వచ్చినది మరొకటి లేదు.

ఆ వారం

నగుమో చూయిచి నడిపిన జపాన్ వాహక దళం మార్చి 26న సెలెబెస్ దీవి నుంచి బయల్దేరింది. పెర్ల్ హార్బర్‌ను కొట్టిన ఆరు విమానవాహక నౌకల్లో ఐదు అందులో ఉన్నాయి: అకాగి, సోర్యూ, హిర్యూ, షోకాకు, జుయికాకు. ఆరోదైన కాగా మరమ్మతుకు వెళ్లింది. వాటికి కాపలాగా కోంగో, హియెయి, హరునా, కిరిషిమా అనే నాలుగు బ్యాటిల్‌షిప్పులు, వాటితో పాటు క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు వచ్చాయి.

బ్రిటిష్ తూర్పు నౌకాదళానికి అధిపతి అడ్మిరల్ సర్ జేమ్స్ సోమర్‌విల్. ఆయన జెండా ఎగిరింది వార్‌స్పైట్ మీద. మిగిలిన నాలుగు బ్యాటిల్‌షిప్పులు రెజల్యూషన్, రామిలీస్, రాయల్ సావరిన్, రివెంజ్. ఇవన్నీ ఒకే తరగతివి, వార్‌స్పైట్ కంటే నెమ్మది. అందుకే సోమర్‌విల్ దళాన్ని రెండుగా చీల్చాడు. వార్‌స్పైట్, దానితో పాటు ఇండామిటబుల్, ఫార్మిడబుల్ అనే రెండు పెద్ద విమానవాహక నౌకలు వేగంగా కదిలే జట్టు. పాత నౌకలు నాలుగూ వైస్ అడ్మిరల్ విల్లిస్ కింద వెనక జట్టు. ఈ చీలిక సంగతి మళ్లీ వస్తుంది. పోలిక మొత్తం దీని మీదే తిరుగుతుంది.

దాడి ఏప్రిల్ 1న జరగవచ్చని బ్రిటిష్ గూఢచారి విభాగం పసిగట్టింది. సోమర్‌విల్ మూడు రోజులు శ్రీలంకకు దక్షిణాన కాపు కాశాడు. ఎవరూ రాలేదు. పాత నౌకల్లో మంచినీళ్లు అడుగంటడంతో మాల్దీవుల్లోని అడ్డు అటోల్ రహస్య స్థావరానికి మళ్లాడు. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 4 సాయంత్రం, కెనడా వైమానికుడు లెనార్డ్ బర్చెల్ నడుపుతున్న కాటలీనా విమానం నగుమో దళాన్ని చూసి కబురు పంపింది. కబురు పూర్తయ్యేలోగా జపాన్ విమానాలు దాన్ని కూల్చేశాయి. మర్నాడు ఈస్టర్ ఆదివారం. కొలంబో మీద దాడి జరిగింది. అదే మధ్యాహ్నం డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు భారీ క్రూయిజర్లను 53 డైవ్ బాంబర్లు ఇరవై నిమిషాల్లోపే ముంచేశాయి. 424 మంది చనిపోయారు. ఏడాది కిందట జర్మన్ బ్యాటిల్‌షిప్ బిస్మార్క్ మీద చివరి టార్పెడోలు వదిలింది ఈ డోర్సెట్‌షైరే.

ఆ సాయంత్రం రెండు దళాల మధ్య దూరం రెండు వందల కిలోమీటర్ల దరిదాపులకు తగ్గింది. ఇండామిటబుల్ నుంచి వెళ్లిన గాలింపు విమానాలు జపాన్ నౌకల్ని చూశాయి కూడా. ఒకటి కూలింది, ఒకటి దెబ్బతిని తిరిగొచ్చింది. నగుమో ఎటు తిరిగాడో సోమర్‌విల్‌కు స్పష్టంగా తెలియలేదు. సోమర్‌విల్ అంత దగ్గరలో ఉన్నాడని నగుమో అనుకోలేదు. చీకటి పడింది. జరగని సమరానికి జరిగే అవకాశం ఉన్నది ఆ ఒక్క రాత్రే.

ఏప్రిల్ 9న ట్రింకోమలీ మీద దాడి, హెర్మిస్ అనే చిన్న బ్రిటిష్ విమానవాహక నౌక మునక. తరువాత నగుమో వెనుదిరిగాడు. బంగాళాఖాతంలోకి వచ్చిన రెండో జపాన్ దళం, ఒజావా నడిపినది, ఇరవైకి పైగా సరుకు నౌకల్ని ముంచింది. కాకినాడ, విశాఖల మీదికి విమానాలు లేచింది ఆ దళంలోని ర్యూజో అనే చిన్న వాహక నౌక నుంచి. విశాఖ రేవు అప్పటికి తెరిచి తొమ్మిదేళ్లే.

సముద్రానికి దూరంగా: హోసూరు, కృష్ణగిరి

తీరం మీది ఈ భయం లోపలి సీమలనూ తాకింది. అప్పుడు హోసూరు, కృష్ణగిరి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో సేలం జిల్లాలోవి. కృష్ణగిరి వేరే జిల్లా అయింది 2004లో. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, తీరానికి వందల కిలోమీటర్ల లోపల ఉన్న హోసూరు సీమ తెలుగువాళ్లకు బ్యాటిల్‌షిప్పుల సంగతి దూరపు మాటే. అయినా ఆ ఏప్రిల్‌లో మద్రాసు ఖాళీ అవుతున్నప్పుడు పడమటికి, బెంగళూరు వైపు పోయే ట్రంకు రోడ్డు కృష్ణగిరి, హోసూరుల మీదుగానే పోయేది. తీరంలో శత్రుసేన దిగుతుందని భయపడిన మద్రాసు ప్రభుత్వం అత్యవసర పనుల్లో లేనివాళ్లను నగరం వదలమంది. తన కార్యాలయాలు కొన్నింటిని లోపలి ఊళ్లకు తరలించింది. మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హోసూరుకు నడిచిన సన్నగేజి రైలు కూడా ఆ యుద్ధకాలంలోనే ఆగిపోయింది.

రాజకీయంగా ఈ సీమకు ఆ వారంతో గట్టి ముడి ఉంది. చక్రవర్తి రాజగోపాలాచారి 1878లో పుట్టింది హోసూరు పక్కనున్న తొరపల్లిలో. జపాన్ దళం బంగాళాఖాతం విడిచిన రెండు వారాలకు, 1942 ఏప్రిల్ 23న, ఆయన మద్రాసు శాసనసభ కాంగ్రెస్ పక్షం చేత రెండు తీర్మానాలు చేయించారు. ముస్లిం లీగు వేర్పాటు కోరికను ఒప్పుకొని రాజీ కుదుర్చుకోవాలన్నది ఒకటి, ప్రెసిడెన్సీ రక్షణ కోసం ప్రజా ప్రభుత్వాన్ని మళ్లీ నిలబెట్టాలన్నది మరొకటి. అలహాబాదులో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆయన దారిని తోసిపుచ్చింది. జూలైలో రాజాజీ కాంగ్రెస్‌ను వదిలారు. తీరాన్ని కాపాడే నౌకాదళంలో పెద్ద భాగం ఆఫ్రికా తీరానికి వెనుదిరిగిందన్న వాస్తవం ఆ తీర్మానాల వెనక ఉంది. దాన్ని పక్కనపెట్టి రాజాజీని అంచనా వేయడం సరికాదు.

తొమ్మిది నౌకలు

కోంగో పుట్టింది జపాన్‌లో కాదు. ఇంగ్లండులో బారో పట్టణంలోని వికర్స్ కర్మాగారం జార్జ్ థర్స్టన్ గీసిన నమూనాతో కట్టి 1913లో జపాన్‌కు అప్పగించింది. దాని చెల్లెలు నౌకలు మూడూ జపాన్‌లోనే తయారయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ నౌకల్ని తమ వైపు పంపమని అడిగితే జపాన్ ఒప్పుకోలేదు. ఆదిలో ఇవి బ్యాటిల్ క్రూయిజర్లు. అంటే పెద్ద ఫిరంగులు, పలుచని కవచం, మంచి వేగం. 1930 లండన్ ఒప్పందం ప్రకారం హియెయిని నిరాయుధం చేసి శిక్షణ నౌకగా మార్చాల్సి వచ్చింది. ఒప్పందాల గడువు తీరాక దాన్నీ మళ్లీ యుద్ధానికి సిద్ధం చేశారు. పునర్నిర్మాణాల తరువాత నాలుగూ 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలిగాయి. ఒక్కొక్కదానికి 14 అంగుళాల ఫిరంగులు ఎనిమిది. పక్క కవచం మాత్రం పాత 8 అంగుళాలే, అంటే 203 మిల్లీమీటర్లు.

వార్‌స్పైట్ క్వీన్ ఎలిజబెత్ తరగతిది. డెవన్‌పోర్ట్‌లో తయారై 1915లో కొలువులో చేరింది. 15 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, పక్క కవచం 13 అంగుళాలు, అంటే 330 మిల్లీమీటర్లు. వేగం 24 నాట్ల లోపు. 1934–37 మధ్య దాన్ని దాదాపు కొత్త నౌకలా తిరిగి కట్టారు. ఇంజన్లు మారాయి, డెక్కు కవచం పెరిగింది, ఫిరంగులు 30 డిగ్రీల దాకా పైకెత్తే వీలు వచ్చింది. 1941 మేలో క్రీట్ దగ్గర బాంబు తగిలితే అమెరికాలో బ్రెమర్టన్‌లో మరమ్మతు చేశారు. అక్కణ్ణుంచే నేరుగా హిందూ మహాసముద్రానికి వచ్చింది. జట్లాండ్, కలబ్రియా, మటపాన్ యుద్ధాలు చూసిన నౌక అది. ఆనాటికి అంత అనుభవం ఉన్న బ్యాటిల్‌షిప్పులు తక్కువ.

మిగతా నాలుగింటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫిరంగులు వార్‌స్పైట్‌వే, కానీ 20 డిగ్రీలకు మించి ఎత్తలేవు. కట్టినప్పుడు 21 నాట్ల నౌకలు, పాతికేళ్ల తరువాత అదీ కష్టమే. రెజల్యూషన్ 1940లో డకార్ దగ్గర టార్పెడో దెబ్బ తిన్నది. ఉష్ణమండలంలో మంచినీళ్లు, చమురు రెండూ వాటికి తొందరగా అయిపోయేవి.

కాగితం మీద లెక్క

15 అంగుళాల గుండు బరువు 879 కిలోలు, జపాన్ 14 అంగుళాల గుండు 673 కిలోలు. వార్‌స్పైట్ ఎనిమిది ఫిరంగులూ ఒక్కసారి పేలిస్తే 7 టన్నుల ఉక్కు బయల్దేరుతుంది. కోంగో నుంచి 5.4 టన్నులు. బ్రిటిష్ నౌకలు ఐదూ కలిస్తే 40 ఫిరంగులు, 35 టన్నులు. జపాన్ నాలుగూ కలిస్తే 32 ఫిరంగులు, 21.5 టన్నులు. కవచంలో తేడా ఇంకా ఎక్కువ. 203 మిల్లీమీటర్ల పక్క కవచం 15 అంగుళాల గుండును మామూలు పోరు దూరాల్లో ఎక్కడా ఆపలేదు. వార్‌స్పైట్ పక్క కవచాన్ని 14 అంగుళాల గుండు చీల్చాలంటే బాగా దగ్గరికి రావాలి.

ఇంగ్లిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1910ల మధ్యలో ఇలాంటి లెక్కకు ఒక సూత్రం ఇచ్చాడు. గురిచూసి కాల్చుకునే పోరులో ఒక పక్షం బలం దాని సంఖ్యకు వర్గంగా పెరుగుతుందన్నాడు. నౌకలన్నీ సమానమని అనుకుంటే ఐదుకు వర్గం 25, నాలుగుకు 16. తేడా 9, దాని వర్గమూలం 3. అంటే జపాన్ నౌకలు నాలుగూ పోయేసరికి బ్రిటన్ దగ్గర మూడు మిగలాలి. ఫిరంగుల బరువు, కవచం కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువే మిగులుతాయి. ఇలా చూస్తే ఇది ఒకవైపు తేలిపోయిన పోరు.

అదే సూత్రాన్ని సోమర్‌విల్ చేసిన చీలికకు వర్తింపజేస్తే తల్లకిందులవుతుంది. వేగం చాలని నాలుగు నౌకలూ వెనకబడి, వార్‌స్పైట్ ఒక్కటే నాలుగింటికి చిక్కితే లెక్క ఒకటికి పదహారు. పదహారులో ఒకటి తీసేస్తే పదిహేను, వర్గమూలం 3.87. వార్‌స్పైట్ మునిగేసరికి జపాన్‌కు పోయేది ఒక నౌకలో ఎనిమిదో వంతు. వార్‌స్పైట్ బలం కోంగోకు రెట్టింపని ఉదారంగా ఒప్పుకున్నా జపాన్‌కు 3.74 నౌకలు మిగులుతాయి. ట్రఫాల్గర్ దగ్గర నెల్సన్ శత్రువుల వరుసను ముక్కలు చేయడాన్ని లాంచెస్టర్ ఇదే గణితంతో వివరించాడు. ఇక్కడ శత్రువు ముక్కలు చేయాల్సిన పనే లేదు. బ్రిటిష్ నౌకల వయసే ఆ పని చేసిపెట్టింది.

దూరమూ వేగమూ

ఆరు నాట్ల వేగం ఎక్కువున్న పక్షం పోరు ఎక్కడ జరగాలో, ఎంత దూరంలో జరగాలో, అసలు జరగాలో వద్దో తానే తేలుస్తుంది. ఫిరంగుల అందుబాటు కూడా కోంగోకే ఎక్కువ. ఫిరంగుల్ని 43 డిగ్రీలు ఎత్తి 35 కిలోమీటర్ల దాకా కొట్టగలదు. వార్‌స్పైట్‌కు 30 కిలోమీటర్ల లోపు, పాత నాలుగింటికి 22 లోపు. కాబట్టి జపాన్ నౌకలు దూరాన నిలబడి బదులు రాని చోటు నుంచి కొడతాయని చాలామంది రాస్తారు. ఇది కాగితం మీద నిజం, సముద్రం మీద కాదు.

ఎందుకో చూడాలంటే ఒక్క గుండు ప్రయాణాన్ని గమనిస్తే చాలు. వార్‌స్పైట్ ఫిరంగి గోపురం (టరెట్) కింది అరల నుంచి నీటిపీడనంతో నడిచే లిఫ్టు 879 కిలోల గుండును పైకి తెస్తుంది. దాని వెనక కార్డైట్ మందు సంచులు నాలుగు, మొత్తం రెండు వందల కిలోలకు కాస్త తక్కువ. మూత పడి ఫిరంగి ఎత్తు సరిచేసుకునే సరికి అర నిమిషం. గొట్టం ఒక్కటే వంద టన్నులు. పేలిన గుండు 24 కిలోమీటర్ల అవతల నీళ్లను తాకడానికి ముప్పావు నిమిషం పడుతుంది. 28 నాట్ల మీద పోతున్న కోంగో ఆ ముప్పావు నిమిషంలో 650 మీటర్లు జరిగిపోతుంది, తన పొడవుకు దాదాపు మూడింతలు. కెప్టెన్ చుక్కాని కాస్త తిప్పితే గుండు పడే చోట నౌక ఉండదు. గురి చూసే వ్యవస్థ కొట్టేది నౌకను కాదు, నౌక చేరబోయే చోటు మీద తన అంచనాను.

కదులుతున్న నౌక మీది నుంచి కదులుతున్న నౌకను కొట్టిన అత్యధిక దూరం దాదాపు 24 కిలోమీటర్లు. ఆ రికార్డు పంచుకునే రెండింటిలో ఒకటి వార్‌స్పైట్‌దే: 1940 జూలై 9న కలబ్రియా దగ్గర ఇటలీ నౌక జూలియో చెజారేకు తగిలిన గుండు. దానికి అవతల 30, 35 కిలోమీటర్ల సంఖ్యలు ఫిరంగి చేయగలిగేవే, మనిషి కన్ను చేయగలిగేవి కాదు. ఐదు వారాల కిందటే జావా సముద్ర యుద్ధంలో జపాన్ క్రూయిజర్లు పగటిపూట దూరం నుంచి వందల కొద్దీ గుండ్లు పేల్చి చాలా తక్కువ తగిలించాయి. బ్యాటిల్‌షిప్పులో ఫిరంగికి వందకు అటూఇటూ గుండ్లే ఉంటాయి. దూరం నుంచి వాటిని ఖర్చు చేసుకోవడానికి ఏ నాయకుడూ ఇష్టపడడు.

ఇంకో చిన్న సంగతి. జపాన్ వాళ్లు తమ గుండును లక్ష్యానికి కాస్త ముందు నీళ్లలో పడ్డా కిందుగా ఈదుకుంటూ పోయి కవచం దిగువన తగిలేలా మలిచారు. ఇందుకోసం పేలుడును ఆలస్యం చేసే ఏర్పాటు పెట్టారు. పలుచని భాగాల్లో తగిలితే అది పేలకుండానే అవతలికి దూసుకుపోయే ప్రమాదమూ ఆ ఏర్పాటు వల్లే వచ్చింది.

పగలు, రాత్రి

పగటిపూట ఈ తొమ్మిది నౌకల పోలికకు అర్థమే లేదు. నగుమో దగ్గర దాదాపు మూడు వందల విమానాలు, సోమర్‌విల్ దగ్గర వంద లోపు. 1941 డిసెంబర్ 10న మలయా తీరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ నౌకల్ని జపాన్ విమానాలు ముంచి నాలుగు నెలలు కూడా కాలేదు. రెండు క్రూయిజర్లను ఇరవై నిమిషాల్లో ముంచిన వైమానికులకు వార్‌స్పైట్ దొరికి ఉంటే కోంగో ఫిరంగుల దాకా పని వచ్చేది కాదు. సోమర్‌విల్‌కు ఇది బాగా తెలుసు. పగలు జపాన్ గాలింపు విమానాలకు అందకుండా తిరిగి, రాత్రి దగ్గరికి జరిగి, రాడార్ ఉన్న అల్బకోర్ విమానాలతో టార్పెడో దాడి చేయాలన్నది ఆయన పథకం. అల్బకోర్ రెండు జతల రెక్కలున్న నిదానపు విమానం, పగలు జపాన్ జీరో యుద్ధవిమానాల ముందు నిలవదు. చీకట్లో మాత్రం నగుమో దగ్గర దానికి జవాబు లేదు. ఆ ఏప్రిల్‌లో ఆయన నౌకల్లో ఒక్కదానికీ రాడార్ లేదు.

ఏప్రిల్ 5 రాత్రి ఆ టార్పెడోలు రెండు మూడు తగిలి ఒక జపాన్ నౌక నడక తగ్గిందనుకుందాం. దాన్ని కాపాడటానికి మికావా గున్‌యిచి కింది బ్యాటిల్‌షిప్పులు వెనక నిలుస్తాయి. వార్‌స్పైట్ ముందుకొస్తుంది. అప్పుడు వేగం లెక్కలోంచి తప్పుకుంటుంది, దూరం ఐదారు కిలోమీటర్లకు కుదించుకుపోతుంది, మొదట ఎవరు చూశారన్నదే మిగులుతుంది. బ్రిటిష్ వాళ్లు ఏడాది కిందట, 1941 మార్చి 28 రాత్రి, మటపాన్ దగ్గర సరిగ్గా ఇదే చేశారు. దెబ్బతిన్న నౌక కోసం వెనక్కి వచ్చిన ఇటలీ క్రూయిజర్లను మూడున్నర కిలోమీటర్ల దూరంలో వార్‌స్పైట్, దాని జంట నౌకలు నిమిషాల్లో తుక్కు చేశాయి.

అయితే జపాన్ వాళ్లు ఇటలీ వాళ్లు కారు. రాత్రిపోరు వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన విద్య. పెద్ద బైనాక్యులర్ల దగ్గర కూర్చునే కాపలాదార్లను ప్రత్యేకంగా తయారుచేశారు. డిస్ట్రాయర్లలో, క్రూయిజర్లలో ఆక్సిజన్‌తో నడిచే 610 మిల్లీమీటర్ల టార్పెడోలు ఉన్నాయి. ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్లగలవి, నీళ్ల మీద గాలి బుడగల జాడ దాదాపు వదలవు. డచ్చి క్రూయిజర్లు డి రూయ్‌టర్, జావా ఫిబ్రవరి 27 రాత్రి ఇలాంటి టార్పెడోలకే పోయాయి. కాబట్టి రాత్రి జరిగే పోరులో వార్‌స్పైట్‌కు అసలు శత్రువు కోంగో కాదు, దాని పక్కనున్న డిస్ట్రాయర్లు. బ్యాటిల్‌షిప్పుల పోలికలు రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ సంగతే.

జరిగిన పోరు చెప్పే సాక్ష్యం

కోంగో తరగతి నౌకలు ఫిరంగి పోరులో ఎంత నిలుస్తాయన్నది ఊహకు వదలాల్సిన పని లేదు. ఆ ఏడాది నవంబర్‌లోనే ఆ పరీక్ష రెండుసార్లు జరిగింది, రెండూ గ్వాడల్‌కనాల్ దగ్గర, రెండూ రాత్రి. నవంబర్ 13 తెల్లవారుజామున హియెయి అమెరికా క్రూయిజర్ల మధ్య చిక్కుకుంది. శాన్ ఫ్రాన్సిస్కో అనే క్రూయిజర్ 8 అంగుళాల గుండ్లు దాని చుక్కాని యంత్రాన్ని పనికిరాకుండా చేశాయి. తెల్లారాక విమానాలు దాని పని పట్టాయి. బ్యాటిల్‌షిప్పును క్రూయిజర్ గుండ్లు కుంటిదాన్ని చేశాయంటే ఆ నౌకల కవచం గురించి వేరే చెప్పాల్సింది లేదు.

రెండు రాత్రుల తరువాత కిరిషిమా వంతు. దాని కళ్లన్నీ అమెరికా బ్యాటిల్‌షిప్ సౌత్ డకోటా మీద ఉన్నాయి. చీకట్లో ఉన్న రెండో అమెరికా బ్యాటిల్‌షిప్ వాషింగ్టన్ రాడార్‌తో గురిచూసి ఎనిమిది కిలోమీటర్ల లోపు నుంచి 16 అంగుళాల ఫిరంగులు పేల్చింది. తక్కువలో తక్కువ తొమ్మిది గుండ్లు తగిలాయి. కిరిషిమా ఆ రాత్రే మునిగింది. సౌత్ డకోటాను కిరిషిమా, దాని తోడు క్రూయిజర్లు చాలాసార్లు కొట్టినా అది మునగలేదు. వార్‌స్పైట్ ఫిరంగి వాషింగ్టన్ కంటే ఒక్క అంగుళం తక్కువ. రాడార్ వార్‌స్పైట్‌కూ ఉంది. ఏప్రిల్ 5 రాత్రికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం దొరకదు.

చుక్కాని దెబ్బ వార్‌స్పైట్‌కూ కొత్త కాదు. 1916 మే 31న జట్లాండ్ యుద్ధంలో దాని చుక్కాని బిగుసుకుపోయి, జర్మన్ నౌకల ఎదుటే గుండ్రంగా తిరగాల్సి వచ్చింది. గుండ్ల దెబ్బలు చాలా తిన్నా బయటపడింది. ఒకే రకం గాయం, ఒకటి బతికింది, ఒకటి పోయింది. మధ్యలో ఉన్నది ఐదు అంగుళాల ఉక్కు, కొంత అదృష్టం.

ఊహా సమరం ఆడటం

నౌకల్ని కాగితం మీద పోరాడించడం వినోదంగా మొదలైంది కాదు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడ్ టి. జేన్ 1898లో ప్రపంచ యుద్ధనౌకల వివరాల పుస్తకాన్ని తెచ్చాడు. అది ఏటా వచ్చే ప్రామాణిక గ్రంథమైంది. దానికి జంటగా ఆయన ఒక నౌకాయుద్ధ ఆట కూడా తయారుచేశాడు. ఎదుటి నౌక బొమ్మ మీద సూది గుచ్చిన పలకతో కొట్టాలి, సూది ఎక్కడ దిగితే గుండు అక్కడ తగిలినట్టు. నావికాదళ అధికారులు దాన్ని చదువులా ఆడారు. అమెరికా నావికా కళాశాలలో ఇలాంటి ఆటలు పాఠ్యక్రమంలో భాగం.

ఆటను మనకు కావలసినట్టు తిప్పుకోవచ్చు, అదే దాని ప్రమాదం. బంగాళాఖాతం నుంచి గెలిచి వెళ్లిన జపాన్ నౌకాదళం మిడ్వే దాడికి ముందు యమాటో నౌక మీద బల్ల ఆట ఆడింది. వైమానికుడు ఫుచిదా మిత్సువో తరువాత రాసిన ప్రకారం, పాచికలు జపాన్ విమానవాహక నౌకలకు తొమ్మిది బాంబులు తగిలాయంటే అడ్మిరల్ ఉగాకి వాటిని మూడుకు తగ్గించాడు. ఆటలో మునిగిన కాగా తరువాతి అంకంలో మళ్లీ తేలింది. జూన్‌లో జరిగిన నిజమైన మిడ్వే యుద్ధంలో కాగాతో పాటు అకాగి, సోర్యూ, హిర్యూ కూడా మునిగాయి. శ్రీలంక మీదికి వచ్చిన ఐదింటిలో మూడు రెండు నెలల్లో లేవు.

కాగితానికి లొంగనిది నేల మీద కూడా ఉంటుంది. కృష్ణగిరి ఊరికి ఆనుకున్న సయ్యద్ బాషా కొండ మీది కోటే దానికి గుర్తు. 1791 నవంబర్ 7 రాత్రి కర్నల్ మాక్స్‌వెల్ కింద ఈస్టిండియా కంపెనీ సేన కింది కోటను నిచ్చెనలతో ఎక్కి పట్టుకుంది. ఫిరంగులు, క్రమశిక్షణ, సంఖ్య అన్నీ దాని వైపే. పైకోటలోని టిప్పు సైనికులు కొండరాళ్లు దొర్లించారు. కంపెనీ సేన ఆ రాత్రి దిగి వెనక్కి పోవాల్సి వచ్చింది. ఏ జాబితాలోనూ రాళ్లకు లెక్క లేదు.

మద్రాసుకు బాగా తెలిసిన ఎండెన్ కథ మాత్రం లెక్క ప్రకారమే నడిచింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవులో చమురు తొట్లు తగలబెట్టిన ఈ జర్మన్ క్రూయిజర్‌కు నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎదురైంది. మొదటి దెబ్బలు ఎండెన్‌వే. కానీ దాని ఫిరంగులు 105 మిల్లీమీటర్లవి, సిడ్నీవి 152. వేగం కూడా సిడ్నీకే ఎక్కువ. దూరాన్ని తాను ఎంచుకుని కొట్టింది. ఎండెన్ దీవి పగడపు గట్టు మీదికెక్కి ఆగింది. రెండు నౌకలు, పగటి వెలుగు, మధ్యలో మూడోవాళ్లు లేరు. ఇలాంటి చోటే పట్టికలు పనిచేస్తాయి.

తీర్పు

నౌకకు నౌకను నిలబెడితే వార్‌స్పైట్ కోంగో కంటే మేలు. ఇందులో పెద్ద వాదానికి తావు లేదు, గ్వాడల్‌కనాల్ ఆ సంగతి తేల్చింది. దళానికి దళాన్ని నిలబెడితే పగలు బ్రిటన్ ఓడిపోయేది, అదీ బ్యాటిల్‌షిప్పుల వల్ల కాదు. రాత్రి, అల్బకోర్లు ముందు తగిలితే, సోమర్‌విల్‌కు ఒక మంచి అవకాశం ఉండేది. కానీ నాలుగు పాత నౌకల్ని ఆయన వెంట తీసుకురావడం అండకంటే బరువుగానే పనిచేసింది. నీళ్ల కోసం అడ్డు అటోల్‌కు వెళ్లాల్సి రాకపోతే ఏప్రిల్ 4న ఆయన శ్రీలంక దగ్గరే ఉండేవాడు. అక్కడ పట్టపగలు నగుమోకు దొరికేవాడు. కాబట్టి ఆ మంచినీళ్ల కొరతే బ్రిటిష్ దళాన్ని కాపాడిందని చెప్పవచ్చు. యుద్ధంలో ఒకరి లోపమే వాళ్లకు రక్ష కావడం అరుదేమీ కాదు. దాడి తరువాత సోమర్‌విల్ పాత నౌకల్ని తూర్పు ఆఫ్రికాలోని కిలిండిని రేవుకు పంపేశాడు.

తొమ్మిదింటి తరువాతి కథ ఇది. రామిలీస్ 1942 మే 30న మడగాస్కర్‌లోని డియేగో సువారెజ్ రేవులో జపాన్ బుల్లి జలాంతర్గామి టార్పెడోకు గాయపడి బయటపడింది. రాయల్ సావరిన్‌ను 1944లో సోవియట్ యూనియన్‌కు అరువిచ్చారు, 1949లో తిరిగొచ్చింది. వార్‌స్పైట్ 1943లో సలెర్నో దగ్గర జర్మన్ గైడెడ్ బాంబు తిని కూడా మునగలేదు. 1947లో తుక్కుకు లాక్కుపోతుంటే తాళ్లు తెంపుకుని కార్న్‌వాల్ తీరం రాళ్ల మీదికెక్కింది, ఆ తీరంలోనే ముక్కలు చేశారు. బ్రిటిష్ నౌకలు ఐదూ యుద్ధం దాటి బతికాయి. జపాన్ నౌకలు నాలుగూ పోయాయి: హియెయి క్రూయిజర్ల ఫిరంగులకు, విమానాలకు, కోంగో 1944 నవంబర్‌లో అమెరికా జలాంతర్గామి టార్పెడోలకు, హరునా 1945 జూలైలో కురే రేవులో బాంబులకు. తొమ్మిదింటిలో సాటి బ్యాటిల్‌షిప్ గుండ్లకు మునిగినది కిరిషిమా ఒక్కటే.